ఎంతసేపు పడుతుంది? ఎంతదాకా పట్టవచ్చు?



మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో మాట్లాడి వేదిక దిగుతుంటే ఒక తల్లి నన్ను ఆపి, “ఏం నాయనా, మావోడు నెట్‌వర్కింగ్ చదువుతానంటాడు. అంటే సెల్ టవర్లు ఎక్కే పనా?” అని అడిగారు. పక్కనే ఉన్న కుర్రవాడు సిగ్గుతో తల వంచుకున్నాడు. నిజానికి అది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు. ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న పని ఏమిటో మా అమ్మకే సరిగా చెప్పలేకపోయాను. ఆ రోజు ఆ తల్లికి కూడా రెండు మాటలు చెప్పి తప్పించుకున్నాను. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ఒక బస్సు, ఒక పరీక్ష

మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాన్నగారు బట్టలు కుట్టేవారు. 1997లో బెంగళూరులో ఒక ప్రవేశ పరీక్ష రాయాల్సి వచ్చింది. మా ఊరినుంచి బస్సు ఎంతసేపు పడుతుందని నలుగురిని అడిగాను. అందరూ గంటన్నర అన్నారు. జాగ్రత్తకోసం ఇంకో అరగంట కలిపి రెండు గంటల ముందు బయలుదేరాను. ఆ రోజు దారిలో లారీలు నిలిచిపోయి బస్సు మూడు గంటలు తీసుకుంది. నేను వెళ్లేసరికి గేటు మూసేశారు. ఒక సంవత్సరం పోయింది.

నాకు సమాధానం చెప్పిన నలుగురూ అబద్ధమాడలేదు. ఆ బస్సు మామూలుగా తీసుకునేది గంటన్నరే. సాయంత్రం ఇంటికి వచ్చాక నాన్న తిట్టలేదు. కుట్టుమిషను ఆపి ఒకే మాట అన్నారు: “ఎంతసేపు పడతాదని కాదురా అడగాల్సింది. ఎంతదాకా పట్టొచ్చునని అడగాల.”

చాలా ఏళ్ల తర్వాత, ఎం.టెక్. తరగతిలో కూర్చున్నప్పుడు, నాన్న అన్న ఆ రెండో ప్రశ్నకు కంప్యూటర్ నెట్‌వర్కుల్లో ఒక పూర్తి గణితశాస్త్రమే ఉందని తెలిసింది. దాని పేరు నెట్‌వర్క్ కాలిక్యులస్.

సగటు వేరు, హామీ వేరు

మీరు పంపే సందేశమైనా, చూసే వీడియో అయినా నెట్‌వర్కులో చిన్న చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఆ ముక్కల్ని ప్యాకెట్లు అంటాం. దారిలో స్విచ్‌లు, రౌటర్లు ఉంటాయి. ఒకే తీగమీదికి ఒకేసారి ఎన్నో ప్యాకెట్లు వెళ్లాలనుకుంటే వరుసలో నిలబడక తప్పదు. నెట్‌వర్కులో జాప్యానికి ఒక ముఖ్యమైన కారణం ఈ నిలబడటం.

వరుసల గురించిన గణితం పాతదే. డెన్మార్క్‌లో టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909లోనే ఫోన్ కాల్స్ మీద సంభావ్యతతో లెక్కలు కట్టి ప్రచురించాడు. సగటున ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు లైను దొరకదు అన్న ప్రశ్నలకు ఆ దారి చక్కగా పనికొస్తుంది. కాని కొన్ని చోట్ల సగటు సరిపోదు. విమానం రెక్కమీది పలకను కదపమనే ఆజ్ఞ “సగటున వేళకు చేరుతుంది” అంటే ఎవరూ ఒప్పుకోరు. అక్కడ కావలసింది ఎట్టి పరిస్థితిలోనూ దాటని గడువు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో ఆచార్యుడిగా ఉన్న రెనే క్రూజ్ 1991లో రెండు భాగాల పరిశోధన పత్రం ప్రచురించాడు. సంభావ్యతను పూర్తిగా పక్కన పెట్టాడు. వచ్చేవాళ్లు ఒక మాట ఇవ్వాలి, సేవ చేసేవాళ్లు ఒక మాట ఇవ్వాలి. ఇద్దరూ మాట తప్పకపోతే అతి ఎక్కువ జాప్యం ఎంతో తేల్చి చెప్పవచ్చునని చూపించాడు. మొత్తం విషయం ఈ రెండు మాటల్లోనే ఉంది.

హాస్టల్ ఇడ్లీ కౌంటర్

ఒక హాస్టల్ మెస్ ఊహించుకోండి. విద్యార్థులు ఎలాపడితే అలా వస్తే ఎవరు ఎంతసేపు ఆగాలో చెప్పలేం. కాబట్టి వార్డెన్ ఒక డబ్బా పెట్టాడు. అందులో గరిష్ఠంగా 60 టోకెన్లు పడతాయి. నిమిషానికి 4 కొత్త టోకెన్లు వేస్తూ ఉంటాడు. డబ్బా నిండితే మిగిలినవి వేయడు. లోపలికి రావాలంటే ఒక్కొక్కరు ఒక టోకెన్ తీసుకోవాలి.

దీనివల్ల ఏం జరుగుతుంది? డబ్బా నిండుగా ఉన్నప్పుడు 60 మంది ఒక్కసారిగా రావచ్చు. ఆ తర్వాత నిమిషానికి నలుగురికి మించి రాలేరు. ఏ పది నిమిషాలు తీసుకున్నా 60కి 40 కలిపి, 100 మందికి మించరు. దీన్నే టోకెన్ బకెట్ అంటారు. నెట్‌వర్కులో ప్యాకెట్లను క్రమబద్ధం చేసే పద్ధతుల్లో అందరికీ తెలిసినది ఇదే. 60ని గుంపు అనీ, 4ను వేగం అనీ అందాం. ఇది వచ్చేవాళ్లు ఇచ్చిన మాట.

ఇప్పుడు వంటవాళ్ల మాట. “మొదలుపెట్టడానికి 5 నిమిషాలకు మించి తీసుకోం. తర్వాత నిమిషానికి కనీసం ఆరుగురికి వడ్డిస్తాం.”

గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డంగా నిమిషాలు, నిలువుగా మంది. వచ్చేవాళ్ల గీత 60 దగ్గర మొదలై నిమిషానికి 4 చొప్పున పైకి వెళుతుంది. వడ్డించే గీత 5వ నిమిషం దాకా నేలమీదే ఉండి, తర్వాత నిమిషానికి 6 చొప్పున లేస్తుంది. ఈ రెండు గీతల మధ్య అడ్డంగా కొలిచిన దూరం ఒక మనిషి ఆగే కాలం. నిలువుగా కొలిచిన దూరం వరుసలో ఉన్నవారి సంఖ్య.

అడ్డదూరం అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ? మొదటి గుంపులో చివర నిలబడ్డ 60వ విద్యార్థి దగ్గర. అతను ఆగేది 5 నిమిషాలు, ఆపైన 60ని 6తో భాగిస్తే వచ్చే 10 నిమిషాలు, మొత్తం 15 నిమిషాలు. అతని తర్వాత వచ్చేవాళ్లు అంతకంటే తక్కువే ఆగుతారు, ఎందుకంటే వడ్డించే వేగం వచ్చే వేగాన్ని మించింది. నిలువుదూరం ఎక్కువగా ఉండేది 5వ నిమిషంలో. అప్పటికి 60 మందికి మరో 20 మంది చేరి 80 మంది ఉంటారు. అంటే 80 మంది నిలబడే చోటు ఉంటే చాలు, ఎవరినీ బయటికి పంపే అవసరం రాదు. నెట్‌వర్కులో స్విచ్ జ్ఞాపకశక్తి ఎంత ఉంటే ప్యాకెట్ పోదో చెప్పేది కూడా ఈ లెక్కే.

ఇందులో వాడినది పదో తరగతి సరళరేఖ సమీకరణం. సూత్రంగా చెబితే, అతి ఎక్కువ జాప్యం అంటే ప్రారంభ ఆలస్యానికి, గుంపును సేవా వేగంతో భాగించిన విలువను కలిపితే వచ్చేది. అయితే ఒక షరతు. సేవా వేగం వచ్చే వేగంకంటే తక్కువ కాకూడదు. వంటవాళ్లు నిమిషానికి ముగ్గురికే వడ్డిస్తే వరుస పెరుగుతూనే పోతుంది, ఏ గడువూ చెప్పలేం.

రెండు కౌంటర్లు ఉంటే?

ఇడ్లీ తీసుకున్నవాళ్లు కాఫీ కౌంటర్‌కు వెళ్లాలి. కాఫీ మనిషి మాట ఇది: మొదలుపెట్టడానికి 2 నిమిషాలు, తర్వాత నిమిషానికి కనీసం ఆరుగురు.

తొందరపడి లెక్క కడితే ఇలా వస్తుంది. ఇడ్లీ దగ్గర 15 నిమిషాలు. ఇడ్లీ కౌంటర్ నుంచి అతి పెద్దగా 80 మంది గుంపు ఒకేసారి బయటపడవచ్చు. కాబట్టి కాఫీ దగ్గర 2 నిమిషాలకు 80ని 6తో భాగించిన విలువ కలిపితే 15 నిమిషాల 20 సెకన్లు. మొత్తం 30 నిమిషాల 20 సెకన్లు. ఇది తప్పు కాదు. అంతకు మించి ఎవరూ ఆగరన్నది నిజమే. కాని చాలా పెద్ద అంకె చెప్పాం.

రెండు కౌంటర్లనూ కలిపి ఒకే యంత్రంగా చూడండి. ప్రారంభ ఆలస్యం 5కు 2 కలిపి 7 నిమిషాలు. వేగం 6. అప్పుడు మొత్తం జాప్యం 7కు 10 కలిపి 17 నిమిషాలే. 13 నిమిషాలకు పైగా ఎలా తగ్గింది? 80 మంది కాఫీ దగ్గర ఒక్కసారిగా పడాలంటే, వాళ్లు ఇడ్లీ దగ్గర త్వరగా బయటపడి ఉండాలి. ఇడ్లీ దగ్గర పూర్తిగా ఆగినవాళ్లు కాఫీ దగ్గరికి గుంపుగా రాలేరు. రెండు కష్టాలూ ఒకే మనిషికి రావు. గుంపు మూల్యం ఒక్కసారే చెల్లిస్తాం. ఈ శాస్త్రంలో ప్రసిద్ధమైన ఫలితాల్లో ఇదొకటి.

భయపడటానికీ, అతి చెడ్డ సందర్భాన్ని లెక్క కట్టడానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. భయపడేవాడు అన్ని కష్టాలనూ కూడేస్తాడు. లెక్క తెలిసినవాడు ఏవి కలిసి వస్తాయో, ఏవి కలిసి రాలేవో చూస్తాడు.

విమానంలో ఇదే లెక్క

ఇక అసలు పని చేసే చోటికి వెళదాం. 2005 ఏప్రిల్ 27న మొదటిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ-380 విమానంలో కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి ఏఎఫ్‌డీఎక్స్ అనే నెట్‌వర్క్ పెట్టారు. మన ఆఫీసుల్లో ఉండే ఈథర్నెట్‌నే విమానానికి తగినట్లు కట్టుదిట్టం చేశారు. ప్రతి సమాచార ప్రవాహానికి ముందుగానే రెండు అంకెలు నిర్ణయిస్తారు. ఒకటి, ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం. రెండు, ఒక ప్యాకెట్‌కూ మరొకదానికీ మధ్య ఉండాల్సిన కనీస వ్యవధి. ఆ వ్యవధి 1, 2, 4, 8 అంటూ రెట్టింపవుతూ 128 మిల్లీసెకన్ల దాకా ఉండవచ్చు. ఇదే వార్డెన్ డబ్బా. నెట్‌వర్కులు కూడా రెండు ఉంటాయి. ప్రతి ప్యాకెట్ రెండింటిలోనూ వెళుతుంది. ఏ ప్యాకెట్ అయినా గడువులోపల చేరుతుందని ధ్రువీకరణ సమయంలో నిరూపించడానికి నెట్‌వర్క్ కాలిక్యులస్ వాడారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు సులువుకోసం నేను ఎంచుకున్నవి. ఒక స్విచ్ నుంచి బయటికి వెళ్లే తీగ వేగం సెకనుకు 100 మెగాబిట్లు, అంటే మిల్లీసెకనుకు లక్ష బిట్లు. దానిమీదికి 100 ప్రవాహాలు వస్తాయి. ఒక్కొక్క దానిది గరిష్ఠంగా 500 బైట్ల ప్యాకెట్, అంటే 4,000 బిట్లు. 8 మిల్లీసెకన్లకు ఒకటి.

మామూలు రద్దీ ఎంత? ఒక్కో ప్రవాహం మిల్లీసెకనుకు 500 బిట్లు, వంద కలిస్తే 50,000 బిట్లు. తీగ సగం ఖాళీ. సగటు చూసేవాడు ఇక్కడే ఆగి, ఏ ఇబ్బందీ లేదంటాడు.

కాని ఏదో ఒక క్షణాన 100 ప్యాకెట్లూ ఒకేసారి వచ్చి పడవచ్చు. అప్పుడు 4 లక్షల బిట్లు. మిల్లీసెకనుకు లక్ష చొప్పున వెళితే చివరిది 4 మిల్లీసెకన్లు ఆగాలి. వ్యవధిని 8 నుంచి 16కు పెంచితే తీగ ముప్పాతిక ఖాళీ అవుతుంది. అప్పుడు కూడా అతి ఎక్కువ జాప్యం 4 మిల్లీసెకన్లే. అతి చెడ్డ సందర్భాన్ని ఇక్కడ నిర్ణయించేది రద్దీ సగటు కాదు, గుంపు పరిమాణం. మా రంగంలోకి వచ్చే కొత్త ఇంజినీర్లు అన్నిటికంటే ఆలస్యంగా నమ్మే విషయం ఇదే.

గుంపు దారిలో పెరుగుతుంది

ఇంకో చిక్కు ఉంది. మొదటి స్విచ్‌లో 4 మిల్లీసెకన్లు ఆగిన ప్యాకెట్ వెనక అదే ప్రవాహానికి చెందిన మరికొంత సమాచారం వచ్చి చేరవచ్చు. మిల్లీసెకనుకు 500 చొప్పున 2,000 బిట్లు. కాబట్టి రెండో స్విచ్ దగ్గర ఆ ప్రవాహం గుంపు 4,000 కాక 6,000 అని లెక్క వేయాలి. అక్కడ కూడా ఇలాంటి 100 ప్రవాహాలు, ఒక్కొక్కటి వేరే దారిలో వచ్చి కలుస్తాయనుకుంటే జాప్యం 6 మిల్లీసెకన్లు. మూడో స్విచ్‌కు వచ్చేసరికి అప్పటికే 10 మిల్లీసెకన్లు గడిచి ఉండవచ్చు, గుంపు 9,000 బిట్లు, జాప్యం 9 మిల్లీసెకన్లు. 4, 6, 9 కలిపితే 19.

మరి ప్రతి స్విచ్ తర్వాతా మళ్లీ ఒక వార్డెన్ డబ్బా పెడితే? అంటే ప్రతి ప్రవాహాన్నీ తిరిగి మొదటి మాటకు కట్టుబడేలా చేసే క్రమబద్ధకం పెడితే, ప్రతి చోటా గుంపు 4,000గానే ఉంటుంది. జాప్యం 4, 4, 4, మొత్తం 12. “డబ్బా దగ్గర ఆపడం వల్ల జాప్యం పెరగదా?” అని మీరు అడగాలి. అక్కడ ఆగేవి తొందరగా వచ్చిన ప్యాకెట్లు మాత్రమే. అప్పటికే అతి ఎక్కువ ఆలస్యమైనది అక్కడ ఆగదు. కాబట్టి అతి చెడ్డ జాప్యం పెరగదని గణితంతో నిరూపించారు. ప్రతి స్విచ్‌లో ఇలా క్రమబద్ధం చేసే ఒక పద్ధతిని ఐఈఈఈ సంస్థ 2020లో ఈథర్నెట్ ప్రమాణాల్లో చేర్చింది. కర్మాగారాలు, వాహనాల వంటి గడువు తప్పకూడని చోట్లకోసం రూపొందుతున్న ప్రమాణాల వరుసలోదే అది.

ఈ లెక్క చెప్పనిది

ఏ శాస్త్రం గొప్పతనం చెప్పినా దాని హద్దు కూడా చెప్పాలి. హామీ ఊరికే రాదు. పై లెక్కలో సగం తీగను ఖాళీగా ఉంచాం. ఇంట్లో సినిమా చూసుకోవడానికి అంత ఖర్చు అనవసరం. రెండు క్షణాలు ఆగితే పోయేదేమీ లేదు. అక్కడ సగటే చాలు. అంతేకాదు, హామీ అనేది ఇచ్చిన మాటలమీద నిలబడుతుంది. ఒక పరికరం చెడిపోయి ఎడతెరిపి లేకుండా ప్యాకెట్లు పంపితే లెక్క చెదురుతుంది. అందుకే ఏఎఫ్‌డీఎక్స్ స్విచ్ ప్రతి ప్రవాహాన్నీ కాపలా కాస్తూ, మాట మించి వచ్చిన ప్యాకెట్లను అక్కడికక్కడే పారేస్తుంది. ఒకరు మాట తప్పినందుకు మిగతా 99 మంది నష్టపోకూడదు కదా.

విద్యార్థులకు రెండు మాటలు

ఈ విషయంమీద ఆసక్తి కలిగితే మొదట సరళరేఖలు, అసమానతలు, గ్రాఫులు గట్టిగా నేర్చుకోండి. ఇంజినీరింగులో కంప్యూటర్ నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్స్, సంభావ్యత శ్రద్ధగా చదవండి. సగటు తెలియనివాడికి హామీ విలువ తెలియదు. ఎన్‌పీటీఈఎల్‌లో నెట్‌వర్కుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. లె బూదెక్, తిరాన్ అనే ఇద్దరు ఆచార్యులు స్విట్జర్లాండ్‌లో పనిచేస్తూ 2001లో నెట్‌వర్క్ కాలిక్యులస్ మీద ఒక పుస్తకం ప్రచురించారు. దాన్ని ఎవరైనా చదువుకోవడానికి అంతర్జాలంలో ఉచితంగా ఉంచారు. మొదటి అధ్యాయం కష్టంగా ఉంటే దిగులు పడవద్దు. ఇడ్లీ కౌంటర్ గ్రాఫు పక్కన పెట్టుకుని చదవండి. నేను అలాగే చదివాను.

మీలో చాలామంది ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, కాలేజీలో మూడో భాషతో చదువుతున్నారు. నేనూ అలాగే వచ్చాను. ఈ లెక్క అర్థం కావడానికి భాష నాకు అడ్డు రాలేదు. తెలుగులో మనసులో అనుకుని, గ్రాఫు గీసుకుని, తర్వాత ఇంగ్లీషులో రాసేవాణ్ని.

తల్లిదండ్రులకు ఒక మనవి

ఆదాయ ధ్రువపత్రమైనా, బ్యాంకు డ్రాఫ్టు అయినా, ట్రస్టు దరఖాస్తు అయినా, “మామూలుగా ఎన్ని రోజులు పడుతుంది?” అని అడగకండి. “ఎంతదాకా పట్టవచ్చు?” అని అడిగి, ఆ లెక్కన ముందుగా మొదలుపెట్టండి. గడువు చివరిరోజున అందరూ ఒకేసారి వస్తారు. గుంపు ఏం చేస్తుందో ఇప్పుడు మీకు తెలుసు.

మరుసటి సంవత్సరం నేను అదే పరీక్ష రాయడానికి ముందురోజే బెంగళూరు వెళ్లి, మా చిన్నాయన ఇంట్లో పడుకున్నాను. ఆ ఏడు సీటు వచ్చింది. మొదటి సంవత్సరం ఫీజు మన ట్రస్టు కట్టింది. నాన్న ఇప్పుడు లేరు. మా ఆఫీసులో కొత్తగా చేరినవారికి మొదటి రోజు పాఠం చెప్పేటప్పుడు నేను బోర్డుమీద ముందుగా రాసేది మాత్రం ఆయన అన్న మాటే.

మీ పిల్లల చదువులు నిర్విఘ్నంగా సాగాలని కోరుకుంటూ,

మన ట్రస్టు పూర్వ ఉపకార వేతన గ్రహీత